ఐదో మౌస్

జూన్ 3, మంగళవారం

మౌస్ పాడైంది.

పొద్దున్నించీ ఆయన దానితో వేగలేకపోతున్నారు. నొక్కితే పట్టడం లేదట. నాకు వంటింట్లోకి అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. పెళ్ళయి రెండేళ్ళయినా ఆయన పని నేను చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. పాత పొలాల పటాలు తెర మీద పెట్టుకుని ఒక్కో మడి చుట్టూ గీత గీస్తారు. మడికి ఎన్ని మూలలుంటే మౌస్‌కు అన్ని టిక్కులు. చివర మాత్రం రెండు టిక్కులు వెంటవెంటనే పడాలి. అప్పుడు గీత కలిసిపోయి మడి మూసుకుంటుంది. కూర తరుగుతూ నేను లెక్కపెట్టుకుంటాను. ఇది నాలుగు మూలలది, ఇది ఆరు, ఇదేదో వంకర టింకరది, పదకొండు. చివరి రెండూ పడగానే నా కత్తి కూడా ఒక్క క్షణం ఆగుతుంది. అలవాటైపోయింది.

ఇవాళ ఆ రెండూ కలిసి పడడం లేదు. ఒకటి పడుతుంది. కాసేపటికి ఇంకొకటి. అలా పడితే మడి మూసుకోదు.

మూయని మడులున్నాయని, ఆయన గీసి పంపిన పటాల్లో రెండు షీట్లు ఆఫీసు నుంచి వెనక్కి వచ్చాయి. నెలలో ఐదు వెనక్కి వస్తే ఆ మనిషికి ఇక షీట్లు ఇవ్వరు. అది అందరికీ ఉన్న రూలే, మనకేం భయం అన్నారు.

మౌస్‌దే తప్పు. మార్చేస్తే సరిపోతుంది.

జూన్ 5, గురువారం

కొత్త మౌస్ తెచ్చారు. నల్లది. టిక్కు గట్టిగా ఉంది. అంతా బాగుంది.

జూన్ 8, ఆదివారం

నల్లది బాగాలేదు. తీగ బల్ల అంచుకు పట్టుకుని వెనక్కి లాగుతోందట, అందుకని చెయ్యి సరిగ్గా తిరగడం లేదట. బట్టలారేసే క్లిప్పు తెచ్చి తీగను బల్లకు పట్టించాను. ఆయన నవ్వారు. సాయంత్రానికి క్లిప్పు తీసి పక్కన పెట్టేశారు.

తీగ లేనిది తెస్తాను, ఇది మౌస్ తప్పే అని అన్నం దగ్గర అత్తయ్యతో కూడా అన్నారు. అత్తయ్య ఊరుకోలేదు. "మీ నాన్న కూడా అంతే, చెక్క వంకర కోసినప్పుడల్లా రంపం మంచిది కాదనేవాడు" అన్నారు. ఆయన సగం అన్నంలో లేచిపోయారు. అలా అనకండి అత్తయ్యా అని నేను అనాల్సింది. ఆవిడకు ఎదురు చెప్పే నోరు నాకెక్కడిది. మామూలు మాటకే నోరు పెగలదు.

కంచంలో మిగిలిన అన్నం చూశాను. మెతుకులు ఆయన వైపు చాలా ఒలికిపోయి ఉన్నాయి. కోపంలో తిన్నారు కదా.

జూన్ 10, మంగళవారం

తీగ లేనిది వచ్చింది. గుప్పెట్లో ఇమిడిపోయేంత చిన్నది. ఎలా ఉందని నేను అడగలేదు. మూడో షీటు వెనక్కి వచ్చింది.

జూన్ 13, శుక్రవారం

నాలుగో మౌస్. దీనికి చప్పుడే ఉండదు. అమ్మకు మధ్యాహ్నం నిద్ర పాడవుతోంది, అందుకే ఇది తెచ్చాను అన్నారు. అత్తయ్య నా వైపు చూశారు, నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ ఎప్పుడూ ఆ మాట అనలేదు.

మధ్యాహ్నం ఆవిడ మంచం మీద అటూ ఇటూ దొర్లి, మూడింటికి లేచి వంటింట్లోకి వచ్చారు. "అమ్మాయ్, ఆ టిక్కుటిక్కు వినపడకపోతే నాకు కునుకు పట్టడం లేదే" అన్నారు. వాడితో మాత్రం చెప్పకు అన్నారు.

నా సంగతి ఆవిడతో చెప్పలేదు. కత్తి ఎక్కడ ఆపాలో నాకూ తెలియడం లేదు.

జూన్ 14, శనివారం

ఇల్లంతా నిశ్శబ్దం. పని చేస్తున్నారో, ఊరికే కూర్చున్నారో గోడ ఇవతలికి తెలియదు. టీ వంకతో ఒకసారి, చీపురు వంకతో ఒకసారి, వంక లేకుండా ఒకసారి వెళ్ళాను. మూడుసార్లూ తెర మీద అదే మడి.

చప్పుడు లేనిది అత్తయ్య కోసమే తెచ్చారు. ఆయనకు తల్లంటే ప్రాణం.

జూన్ 16, సోమవారం

ఆయన క్షవరానికి వెళ్ళారు. అత్తయ్య పక్కింటికి వెళ్ళారు. బల్ల సొరుగు తీశాను. పాడైన మౌస్ అడుగున ఉంది. మొదటిది, బూడిద రంగుది. మీద బొటనవేలు ఆనేచోట నున్నగా అరిగిపోయి ఉంది.

ఎందుకు తీశానో నాకే తెలియదు. తగిలించాను.

పెళ్ళయిన కొత్తలో ఆయన నన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టి నేర్చుకునేవాళ్ళ షీటు తెరిచారు. నా చెయ్యి మౌస్ మీద పెట్టించి, దాని మీద తన చెయ్యి పెట్టి, ఇదిగో మూల, ఇదిగో మూల అని చూపించారు. ఆ రోజు నాకు ఒక్క మూలా కనబడలేదు. ఏం చూపించారో మాత్రం గుర్తుండిపోయింది. ఆరో తరగతితో బడి మానేశాక పెళ్ళయ్యేదాకా టైలరమ్మ దగ్గర గుడ్డ మీద గీతలు గీశాను. గీత వెంట చెయ్యి పోనివ్వడం నాకు కొత్త కాదు.

ఆ షీటే తెరిచాను. ఏడు మూలలు. చివర రెండు టిక్కులు. మూసుకుంది.

మళ్ళీ చేశాను. మూసుకుంది. పదిసార్లు చేశాను. పదిసార్లూ మూసుకుంది.

పదకొండు రోజులు సొరుగులో విశ్రాంతి దొరికింది కదా, అందుకని బాగుపడి ఉంటుంది. ఇస్త్రీపెట్టె కూడా ఒకసారి అలాగే మొరాయించి, దానంతటదే మళ్ళీ పనిచేసింది. వస్తువులకూ అలసట ఉంటుంది.

తీగను ఆయన చుట్టినట్టే చుట్టి సొరుగులో పెట్టేశాను.

జూన్ 17, మంగళవారం

చప్పుడు లేనిది కూడా మార్చాలట. పనుంది, నువ్వు వెళ్ళి రా అన్నారు. ఇన్నిసార్లు వెళ్ళిన కొట్టుకే మళ్ళీ వెళ్ళాలంటే ఆయనకు మొహం చెల్లడం లేదు. అది నాకర్థమైంది. నన్ను పంపితే నాకెలా ఉంటుందో ఆయనకు అర్థం కాలేదు.

కొట్టు బస్టాపు వెనక మెట్ల కింద ఉంది. కొట్టాయనకు ముక్కు మీద ఒక కళ్ళజోడు, నుదుటి మీద ఇంకొకటి. లోపల ఇద్దరు మనుషులున్నారు. వాళ్ళు పోయేదాకా పక్క కొట్లో గొడుగులు చూస్తూ నిలబడ్డాను. గొడుగులాయన మూడు గొడుగులు విప్పి చూపించాడు పాపం.

కళ్ళజోడాయన నా చేతిలో డబ్బా చూడగానే గుర్తుపట్టాడు.

"మీ ఆయన చూస్తోంది మౌసా, పెళ్ళిసంబంధమా అమ్మా? ఏది చూపించినా దీనికి ముక్కు బాగాలేదు, దానికి నడక బాగాలేదంటాడు."

నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఇంతకీ ఇబ్బందేమిటి అని అడిగాడు. నొక్కితే పట్టడం లేదట అన్నాను.

"నాలుగూనా?"

నేను నేల వైపు చూశాను. ఆయన నుదుటి మీది కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. చెయ్యి పెద్దదా, చిన్నదా అని అడిగాడు. రెండేళ్ళుగా ఆ చేతికి అన్నం వడ్డిస్తున్నాను, చెప్పలేకపోయాను. గాలిలో ఇంత అని చూపించాను. అలా కాదులే, చెప్పులకు పాదం గీసుకున్నట్టు కాగితం మీద చెయ్యి పెట్టించి చుట్టూ గీసి తీసుకురా, దాన్నిబట్టి చూద్దాం అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఆయన ఎడమచేత్తో చొక్కా గుండీ పెట్టుకుంటున్నారు. నేను చూడడం చూసి, ఊరికే, వస్తుందో లేదో చూస్తున్నాను అన్నారు.

జూన్ 18, బుధవారం

పొద్దున నాలుగో షీటు వెనక్కి వచ్చింది.

ఈ మధ్య కళ్ళు లాగుతున్నాయని భోజనం కాగానే ఆయన ఒక గంట పడుకుంటున్నారు. చెయ్యి గీయాలి అంటే ఎందుకంటారు, కొట్టాయన అడిగాడంటే వాడికెందుకంటారు. అందుకని నిద్రలోనే గీద్దామనుకున్నాను. పోయిన నెల క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, కుడిచేతి కింద మెల్లగా జరిపాను. టైలరమ్మ ఇచ్చిన పెన్సిల్ తీసుకున్నాను.

బొటనవేలి దగ్గర మొదలుపెట్టాను. కదలలేదు. చూపుడు వేలి చుట్టూ తిప్పాను. పెన్సిల్ మొన వేళ్ళ సందులో గట్టిగానే గుచ్చుకుంది. ఆయన కదలలేదు. నడిమి వేలు. కావాలనే మొన వేలికొసకు ఆనించి నొక్కాను. చర్మం గుంటపడింది. ఊపిరి కూడా మారలేదు.

గాఢ నిద్ర అనుకున్నాను.

చిటికెన వేలి దగ్గరకు వచ్చాను. పెన్సిల్ అలా తగిలిందో లేదో, చీమ కుట్టినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. అటు తిరిగి పడుకున్నారు.

కాగితం మడిచి కుట్టుమిషన్ సొరుగులో ఈ పుస్తకం కింద పెట్టాను. మణికట్టు దగ్గర గీత కలపలేదు. ఆఫీసువాళ్ళయితే దీన్నీ వెనక్కి పంపేవాళ్ళు.

జూన్ 19, గురువారం

రాయడానికేమీ లేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

జూన్ 20, శుక్రవారం

అడగాలనుకున్నాను. పొద్దున టీ ఇచ్చేటప్పుడు ఒకసారి, తువ్వాలు అందించేటప్పుడు ఒకసారి. మీ వేళ్ళకు ఏమైనా తెలుస్తోందా అని ఒక్క మాట. అదే నోరు తెరిచి అడగలేకపోయాను. అడిగితే ఆయన మౌస్‌దే తప్పంటారు, నేను అవునంటాను.

మధ్యాహ్నం ఆయన పడుకున్నాక కుర్చీలో కూర్చున్నాను. పొద్దున చేసిన షీటు తెరిచే ఉంది. మూయని మడులు మూడు. రంగు పట్టకుండా తెల్లగా మిగిలాయి, చూడగానే తెలిసిపోతుంది. మూడింటినీ మొదటి మూల నుంచి మళ్ళీ గీసి మూసేశాను. చేసిన షీటును ఆయన కంప్యూటర్లో ఎలా దాచిపెడతారో నాకు తెలుసు, అలాగే దాచాను. మౌస్ చప్పుడు లేనిది కదా, ఎవరికీ వినపడలేదు. ఇప్పుడు దాని ఉపయోగం తెలిసింది.

జూన్ 23, సోమవారం

నాలుగు రోజులుగా మూస్తున్నాను. ఇవాళ ఐదు మూశాను. ఒక్క షీటూ వెనక్కి రాలేదు. ఆయన మొహం తేటపడింది. "ఈ మౌస్ కాస్త అలవాటు పడాలి అంతే. మార్చక్కర్లేదు" అన్నారు. అవునండీ అన్నాను.

నెలాఖరుకు ఇంకా వారం. ఈ వారం గడిస్తే చాలు. వచ్చే నెల మళ్ళీ మొదటి నుంచి లెక్క. అప్పటికి చెయ్యి కూడా బాగవుతుంది.

జూన్ 25, బుధవారం

ఐదోది వెనక్కి వచ్చింది.

మామూలుగా కాగితమే వస్తుంది. ఈసారి షీట్లు సరిచూసే మేడమ్ ఫోన్ చేసింది. ఆయన ఫోన్ బల్ల మీద పెట్టి మాట్లాడుతుంటే నేను గుమ్మం దగ్గర ఉన్నాను. "మూయనివి వదిలేస్తున్నారని ఇన్నాళ్ళూ చెప్పాను. ఇప్పుడు మూయకూడనిది మూశారు. రెండు పొలాల మధ్య అది బావికి వెళ్ళే దారి. పటంలో కావాలనే ఖాళీగా వదిలారు. అవతలి పొలంవాళ్ళు నీళ్ళకెలా వెళ్తారు?" అంది.

నేను మూయలేదండీ అన్నారాయన. మీ షీటే కదా అంది. ఆయన తెర మీద పెద్దది చేసి చూశారు. చాలాసేపు చూశారు. నేనే అయ్యుంటాను అన్నారు.

తెల్లగా మిగిలిపోయిందని మూశాను. దారి అని నాకేం తెలుసు.

ఫోన్ పెట్టేశాక ఆయన కుడిచెయ్యి ఎత్తి, అది ఎవరిదో అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

జూన్ 26, గురువారం

ఇవాళ నన్ను పిలిచి, "మధ్యాహ్నం నేను నిద్రలో లేచి బల్ల దగ్గర కూర్చోవడం ఎప్పుడైనా చూశావా?" అని అడిగారు.

లేదన్నాను. అది నిజమే కదా. ఆయన లేవలేదు. నిజం చెప్పినా ఇలా ఉంటుందని నాకు తెలియదు.

"ఆ దారి నేను మూసినట్టు నాకు జ్ఞాపకమే లేదు. చేతికే తెలియడం లేదనుకున్నాను. ఇప్పుడు తలకి కూడా తెలియడం లేదు" అన్నారు. చేతికి తెలియడం లేదని ఆయన నోటి వెంట వచ్చింది. అన్నానని కూడా ఆయన గమనించలేదు.

తర్వాత ఆఫీసుకు ఉత్తరం టైపు చేశారు. ఎడమచేత్తో, ఒక్కో అక్షరం. తనకు ఈ పని చేతకాదనీ, మానేస్తున్నాననీ. రేపు పొద్దున పంపుతారట. అత్తయ్య ఏమిటేమిటని అడిగారు. పొయ్యి వంకతో నేను వంటింట్లోకి వచ్చేశాను.

ఆయన చెయ్యి పోయినా ఇల్లు నడుపుకోగలం, నేను మిషన్ కుట్టుకోగలను. ఆయన తల కూడా పోయిందని ఆయనే అనుకుంటున్నారు. అది నేను చేసిన పని.

జూన్ 27, శుక్రవారం

చెప్పాను.

ఎలా చెప్పానో రాసుకుంటాను, లేకపోతే రేపు నేనే నమ్మను.

టీ తీసుకెళ్ళాను. ఉత్తరం తెర మీద ఉంది. టీ పెట్టి, పక్కన క్యాలెండరు కాగితం విప్పి పెట్టాను. మాట ముందు రాదని తెలుసు, అందుకే కాగితం. ఆయన ఆ గీతను చూసి తన చెయ్యి దాని మీద పెట్టారు. సరిపోయింది. ఎప్పుడు గీశావు అన్నారు. "మీరు పడుకున్నప్పుడు. చిటికెన వేలి దాకా మీకు తెలియలేదు" అన్నాను.

ఆయన చెయ్యి అక్కడే ఉంచారు.

"బావి దారి మూసింది నేను" అన్నాను.

అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఎన్నాళ్ళుగా మూశానో, ఎప్పుడెప్పుడు మూశానో అంతా చెప్పాను. ఒక్క గుక్కలో చెప్పాను. ఇంత మాట్లాడడం నాకు వచ్చని నాకే తెలియదు. ఆయన లేచి కిటికీ దగ్గరకు వెళ్ళారు. అడగకుండా నా పని ఎందుకు ముట్టుకున్నావన్నారు. రెండు రోజులుగా నాకు పిచ్చి పట్టిందనుకున్నాను, తెలుసా అన్నారు. గొంతు పెద్దదైంది.

"అడిగితే మౌస్‌దే తప్పంటారు" అన్నాను.

కిటికీ వైపే తిరిగి, పాత మౌస్ సంగతి నీకు ముందే తెలుసా అని అడిగారు. అది బాగానే ఉందన్నాను. పదిసార్లు చూశానన్నాను. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. తర్వాత ఏడ్చారు కూడా.

లోపలి గదిలోంచి అత్తయ్య గొంతు వచ్చింది. "చప్పుడు లేని మౌస్ తెచ్చుకుని, చప్పుడు లేకుండా ఎంత పని చేశారర్రా ఇద్దరూ."

ఉత్తరం పంపలేదు. ఆయన మేడమ్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆమె ముందు మండిపడింది. వేరేవాళ్ళు ముట్టుకోకూడదని తెలియదా అంది. ఆయన తెలుసన్నారు. తర్వాత, ఆ నాలుగైదు రోజుల షీట్లలో మూలలు శుభ్రంగా ఉన్న మడులు కొన్నున్నాయి, అవెవరివి అని అడిగింది. ఆయన నా వైపు చూశారు. చివరికి, ఒక్క షీటు ఇస్తాను, ఏది పొలమో ఏది దారో మీరు చెప్పండి, గీత ఆమె గీయాలి, గురువారానికి పంపండి, అదీ వెనక్కి వస్తే ఇక నాకు ఫోన్ చేయకండి అంది.



జూన్ 28, శనివారం

ఇద్దరం కొట్టుకు వెళ్ళాం. గొడుగులాయన నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

ఆయన డబ్బా బల్ల మీద పెట్టి, మౌస్‌లో ఏమీ తప్పు లేదు, చెయ్యే బాగాలేదు అన్నారు. కళ్ళజోడాయన తన చొక్కా చెయ్యి వెనక్కి మడిచి మణికట్టు చూపించాడు. అడ్డంగా చిన్న కోత గీత. "నాకూ రెండేళ్ళ కింద ఇంతే. నేనూ మూడు స్క్రూడ్రైవర్లు మార్చాను" అన్నాడు. తనకు చూసిన డాక్టరు పేరు కాగితం మీద రాసి ఇచ్చాడు.

మరి ఈ మౌస్ ఎవరి చేతికి అని అడిగాడు. మా ఆవిడ చేతికి అన్నారాయన. పరాయి మగాడి ముందు బల్ల మీద చెయ్యి చాపాను. ఒకటి అరచేతి కింద ఎత్తుగా ఉంది. ఇంకొకటికి నా వేళ్ళు కొసదాకా అందలేదు. మూడోది నా బొటనవేలు ఎక్కడుంటే అక్కడే పల్లంగా ఉంది.

"దీనికి చప్పుడుందా?" అని అడిగాను.

"చప్పుడు కావాలని అడిగిన మనిషివి నువ్వొక్కదానివేనమ్మా" అన్నాడు.

జూన్ 30, సోమవారం

డాక్టరు వేళ్ళకు సూది మొన తాకించి చూశాడు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందట. పట్టీ వేశాడు. నెల తర్వాత కోత సంగతి చూద్దామన్నాడు. స్పర్శ పూర్తిగా తిరిగి వస్తుందా అని ఆయన అడిగారు. ఆలస్యంగా వచ్చారు కదా, చూద్దాం అన్నాడు.

ఆలస్యంగా. జూన్ 8న మెతుకులు ఒలికిన సంగతి కోపం అని రాసుకున్నాను. కోపం కాదు.

జూలై 3, గురువారం

షీటు పంపాం. జవాబు రేపు వస్తుంది. భయంగానే ఉంది. అయినా రాయాలనుకున్నది అది కాదు.

మధ్యాహ్నానికి షీటులో చివరి మడి ఒక్కటే మిగిలింది. పొద్దున్నించీ ఆయన నా పక్కనే కూర్చుని ఒక్కో మడీ వేలితో చూపించారు. వంట ఆలస్యమవుతోందని చివరికి ఆయనే లేచి వెళ్ళారు. పట్టీ చేత్తో బీరకాయ అదిమిపట్టి, ఎడమచేత్తో తరుగుతున్నారు. కత్తి చప్పుడు ఒక్కోసారి ఆగి, మళ్ళీ భయంభయంగా మొదలవుతోంది. లోపల అత్తయ్య గురక. మూడు వారాల తర్వాత ఆవిడకు మధ్యాహ్నం నిద్ర పట్టింది.

నేను మూల తర్వాత మూల గీస్తున్నాను. ఆరు టిక్కులు వేసి ఆగాను.

వంటింట్లోంచి ఆయన కేకేశారు. "ఆరు మూలలు అయ్యాయిగా. ఇంకా మూయలేదేం?"

తెర దగ్గరగా వంగి మరోసారి చూసుకున్నాను. రెండు గీతల మధ్య సన్నటి ఖాళీ, కింద చిన్న బావి గుర్తు. ఇప్పుడు గీత కలిపితే ఆ ఖాళీ కూడా మడిలో కలిసిపోతుంది.

"అది దారి" అన్నాను. వినపడలేదేమోనని ఇల్లంతా వినపడేలా మళ్ళీ అన్నాను. "అది దారండీ. మూయకూడదు."

వంటింట్లో కత్తి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్ళీ మొదలైంది.